బీబీ నాంచారమ్మ పుట్టింటివారు

(తిరుపతిలో ఒక సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సాహిత్యం, కళ, మతం, సినిమా వీటి ద్వారా సమాజాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఎలా విమర్శించాలి అన్న అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అంశం చాలా పెద్దది. మేము దానిని ఒక అద్దె ఇంటి గేటు దగ్గర నుంచి మొదలుపెట్టదలచుకున్నాము.

మా మిత్రబృందంలో ఒక ఉపాధ్యాయుడున్నాడు. వాయల్పాడు వైపు నుంచి తిరుపతికి బదిలీ అయినప్పుడు ఇల్లు వెతకడానికి ముగ్గురం కలిసి వెళ్ళాము. ఒక వీధిలో 'టు లెట్' బోర్డు కనిపించింది. యజమాని మర్యాదస్తుడు. ఎండలో వచ్చామని మజ్జిగ ఇప్పించాడు. అద్దె కుదిరింది, అడ్వాన్సు కుదిరింది, మునిసిపల్ నీళ్ళు ఎన్ని గంటలకు వస్తాయో కూడా చెప్పాడు. అప్పుడు పేరు అడిగాడు. మిత్రుడు చెప్పాడు. ఆయన కొంతసేపు ఆగి ఇలా అన్నాడు: "మాకేమీ పట్టింపుల్లేవు సార్. బీబీ నాంచారమ్మ మీ ఇంటి ఆడబిడ్డే గదా! కింది పోర్షన్ వాళ్ళు ఒప్పుకోరు, అంతే."

ఇల్లు దొరకకపోవడం మనకు కొత్త కాదు. ఈ సభలో కూర్చున్న సగం మందికి ఆ అనుభవం ఉండే ఉంటుంది. మమ్మల్ని వదలకుండా వెంటాడింది ఆ మధ్యలోని మాట. ఇల్లు ఇవ్వలేనని చెప్పిన నోటితోనే ఆయన మనకు ఒక కథను ఇచ్చాడు. ఆయన మనసులో ద్వేషం లేదని మేము ఇప్పటికీ నమ్ముతున్నాము. అయితే ద్వేషం లేని మనిషి కూడా ఒక తియ్యని కథను అడ్డం పెట్టుకొని తలుపు మూయగలిగాడు. కాబట్టి ఆ కథనే తీసి చదువుదాం.

కథ మీకు తెలిసిందే. ఢిల్లీ సుల్తాను సేనలు దక్షిణానికి దండెత్తి వచ్చి, దేవాలయాన్ని కొల్లగొట్టి, ఉత్సవ విగ్రహాన్ని తీసుకుపోతాయి. సుల్తాను కూతురు దానిని బొమ్మగా దగ్గర పెట్టుకొని, క్రమంగా ప్రేమించడం మొదలుపెడుతుంది. అర్చకులు వచ్చి విగ్రహాన్ని వెనక్కు తీసుకుపోతే, తండ్రిని, నగరాన్ని వదిలి ఆమె వెంట వస్తుంది. చివరకు స్వామిలో లీనమైపోతుంది. శ్రీరంగంలో ఆమెను తులుక్క నాచ్చియార్ అంటారు. అక్కడ ఆమె చిత్రపటం రూపంలో ఉంటుంది, ఆమె కోసం నైవేద్యంలో రొట్టె పెడతారు. కర్ణాటకలోని మేలుకోటెలో ఇదే కథ రామానుజుల పేరుతో ముడిపడింది. మన తెలుగు నేలకు వచ్చేసరికి ఆమె వేంకటేశ్వరుని దేవేరి బీబీ నాంచారి అయింది. 14వ శతాబ్దపు తొలినాళ్ళలో మాలిక్ కాఫూర్ జరిపిన దండయాత్రల జ్ఞాపకం ఈ కథ వెనుక ఉందని చెబుతారు. ఇది జరిగిందా, లేదా అన్న తగవులోకి మేము దిగము. ఇన్ని తరాలుగా దీనిని ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏ సందర్భంలో చెబుతున్నారు అన్నదే మాకు ముఖ్యం.

ముందుగా ఆమె పేరు చూడండి. 'బీబీ' అంటే గౌరవనీయురాలైన స్త్రీ. 'నాచ్చియార్' అన్నా తమిళంలో దాదాపు అదే అర్థం; మన 'నాంచారి' దాని నుంచి వచ్చినదే. శ్రీరంగం సంప్రదాయంలో 'సురతాణి' అని కూడా అంటారు. అది సుల్తాను ఇంటి పిల్ల అన్న మాటకు మరో రూపం. అంటే ఆమెకు మూడు భాషల బిరుదులున్నాయి గాని పేరు లేదు. తల్లి ఏమని పిలిచిందో ఎవరికీ తెలియదు. అసలు ఆ కథలో తల్లి లేనే లేదు. అమ్మాయి ప్రేమిస్తుంది, నడుస్తుంది, మాయమవుతుంది. ఆమె మాట్లాడిన మాటంటూ ఒక్కటీ జనం నోట మిగలలేదు.

ఇదే తిరుపతిలో, ఇంకొక స్త్రీ కథను ఇందుకు పక్కన పెట్టి చూడండి. తాతయ్యగుంట గంగమ్మ కథ. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడు ఆమె మీద కన్ను వేస్తే, ఆమె వాడిని వెంటాడుతుంది. వాడు దాక్కుంటాడు. ఆమె రోజుకొక వేషం వేసి వెతుకుతుంది. చివరకు దొర వేషంలో వచ్చి, బయటికి రప్పించి, తల తీస్తుంది. ఏటా మే నెలలో ఈ ఊరి జనం ఆ వేషాలన్నీ కడతారు. మగవాళ్ళు చీరలు కడతారు. వేషం వేసినవాడు ఎదురుపడిన పెద్దమనిషిని బూతులు తిట్టినా ఆ వారం తప్పు కాదు. గంగమ్మ స్వామికి చెల్లెలని జనం నమ్మకం, కొండ మీది నుంచి సారె వస్తుంది. సాహిత్యం ద్వారా, కళ ద్వారా సమాజాన్ని విమర్శించడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే, మేము పుస్తకం తెరవకముందు ఈ జాతరను చూపిస్తాము. అధికారం ఎక్కడ దాక్కుంటుందో, ఏ వేషం వేస్తే బయటికి వస్తుందో చదువు రాని జనం ఏటా వీధిలో ఆడి చూపిస్తున్నారు.

రెండు కథలకూ తేడా ఎక్కడుంది? గంగమ్మ కథను ఆమెను తమదిగా భావించిన కింది కులాలవారు, ఆడవాళ్ళు కాపాడుకున్నారు. అందుకే ఆమెకు నోరు ఉంది. నాంచారి కథను ఆమె వైపువారు చెప్పలేదు. అందులో ముస్లిం అంటే దండెత్తి వచ్చినవాడు, లేదా వాడిని వదిలిపెట్టి వచ్చిన కూతురు. మూడో ముస్లిం లేడు.

ఆ మూడో మనిషి ఎవరో ఈ ప్రాంతంలో వేరే వెతకనక్కరలేదు. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో 1782 డిసెంబరు 7న హైదర్ అలీ కన్నుమూశాడు. గుర్రంకొండ కోట ఆయన బంధువుల ఏలుబడిలో ఉండేది. రాజుల సంగతి అలా ఉంచండి. వారికి ముందూ వెనకా ఈ గడ్డ మీద దూది ఏకినవాళ్ళు, గుర్రాలకు లాడాలు కొట్టినవాళ్ళు, గాజుల మలారం మోసినవాళ్ళు, కచేరీలలో లెక్కలు రాసినవాళ్ళు ఉన్నారు. మన తాతముత్తాతలు వాళ్ళు. ఈనాడు పీలేరులో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాడు, మదనపల్లె మార్కెట్లో టమాటా బుట్టలు ఎత్తేవాడు, తిరుపతి బస్టాండు దగ్గర ఆటో తోలేవాడు వాళ్ళ మనుమలే. వీళ్ళెవరూ ఢిల్లీ నుంచి రాలేదు. విగ్రహం వెంట నడిచీ రాలేదు.

వాళ్ళ ఆనవాలు ఎక్కడుందంటే, ఇంకెక్కడో కాదు, భాషలో ఉంది. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, ఈస్టిండియా కంపెనీ తిరుమల ఆలయ ఆదాయాన్ని చూసుకుంటున్న రోజులలో, ఆలయ వ్యవహారాల మీద తయారైన రికార్డుల పేర్లు వినండి: సవాల్ జవాబ్ పట్టీ, కైఫియత్తు పట్టీ, పైమాయిషీ లెక్క. సవాలు, జవాబు, కైఫియత్తు అరబ్బీ నుంచి, పైమాయిషీ పారశీకం నుంచి వచ్చిన మాటలు. అర్చకుల వంశపారంపర్య హక్కును ఏమనేవారు? మిరాశీ. 'మీరాస్' అంటే అరబ్బీలో వారసత్వం. ఆ మిరాశీలను 1987 చట్టం రద్దు చేసింది. ఆ చట్టం చెల్లుతుందని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతవరకు దేశంలోనే అతి ప్రసిద్ధమైన వైష్ణవ క్షేత్రంలో పూజారి తన వారసత్వాన్ని అరబ్బీ మాటతోనే చెప్పుకున్నాడు. ఇందులో ఎవరికీ అవమానం లేదు. కలిసి బతికినవాళ్ళ భాష అట్లాగే ఉంటుంది. ఇంకొక్క మాట. ఈ పత్రిక ఏ మాట మీద నిలబడి ఉందో, ఆ 'హక్కు' అన్న మాట కూడా మన ఇళ్ళలో రోజూ వినబడే 'హఖ్' నుంచే వచ్చింది. అర్జీ, వకీలు, ఫిర్యాదు, రైతు, అన్నీ ఆ దారిన వచ్చినవే. తెలుగువాడు న్యాయం అడగడానికి నోరు తెరిస్తే సగం మాటలు మన ఇంటివి.

ఇక కళల సంగతి. మతసామరస్యం గురించి ఎక్కడ సభ జరిగినా మూడు ఉదాహరణలు తప్పక వస్తాయి. నాంచారమ్మ ఒకటి. నాదస్వరం రెండవది. గుంటూరు ప్రాంతపు ముస్లిం భక్తుడొకరు స్వామికి సమర్పించిన 108 బంగారు పూలు మూడవది. ఆ పూలతోనే 1984 నుంచి తిరుమలలో మంగళవారాలలో అష్టదళ పాదపద్మారాధన జరుగుతున్నది. ఇవన్నీ నిజాలు, గౌరవించవలసిన నిజాలు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ నుంచి సంగీత కళానిధి అందుకున్నారు. తులుక్క నాచ్చియార్ ఉన్న ఆ శ్రీరంగమే. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ కుటుంబాలు గుడి ముందు నిలబడి త్యాగరాజ కీర్తనలు వాయించినందుకు ఇటు మనవాళ్ళు కూడా కొందరు ముఖం చిట్లించారు. అది మన తప్పు. దానిని దాచవలసిన పని లేదు.

అయితే ఈ మూడు ఉదాహరణలనూ వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. నాంచారమ్మ తనను తాను ఇచ్చుకుంది. విద్వాంసుడు తన ఊపిరి ఇచ్చాడు. భక్తుడు బంగారం ఇచ్చాడు. సభలలో మెచ్చుకునే ముస్లిం ఎప్పుడూ ఏదో ఒకటి ఇచ్చేవాడే. అడిగేవాడు ఆ ఉదాహరణలలో ఉండడు. రేషన్ కార్డు అడిగేవాడు, శ్మశానానికి స్థలం అడిగేవాడు, అద్దె ఇల్లు అడిగేవాడు సామరస్యపు కథలోకి రాడు. అడగగానే అతను సమస్య అవుతాడు.

సినిమా ఇదే విషయాన్ని ఇంకా మొరటుగా చెబుతుంది. పాత సినిమాలలో సాయిబు అంటే వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించేవాడు. రాయలసీమలో తరతరాలుగా తెలుగులోనే కలలు కన్న మనిషి కూడా తెర మీదికి వచ్చేసరికి లింగవచనాలు మరచిపోతాడు. నవ్వు అయిపోయాక అనుమానం మొదలైంది. 2002లో వచ్చిన 'ఖడ్గం'లో ప్రకాశ్ రాజ్ వేసిన అంజద్ మంచివాడే. కాని ఆ మంచితనాన్ని అతను ప్రతి సన్నివేశంలోనూ రుజువు చేసుకోవాలి. తమ్ముడి నేరానికి అతని దేశభక్తే జవాబు చెప్పాలి. 2010 నాటి 'వేదం' అంతకంటే ఎంతో దయ గల సినిమా. మనోజ్ బాజ్‌పాయ్ వేసిన రహీముద్దీన్‌ను చూసి మాలో చాలామంది కంటతడి పెట్టుకున్నాము. మనకు జరిగేదేమిటో తెలిసిన చేయి ఆ పాత్రను రాసింది. అయినా చివరకు అతను ఏం చేయాలి? తనను హింసించిన పోలీసు ప్రాణాన్ని తానే కాపాడాలి. అప్పుడు క్షమాపణ వస్తుంది. ఏమీ చేయకుండా కేవలం నిర్దోషి అయినందుకు క్షమాపణ రాదా అని ఆ దర్శకుడిని అడగాలని మాకు ఇప్పటికీ ఉంది. అడగడం తప్పని ఎవరైనా అంటే, మంచి సినిమాలనే అడుగుతాము, మిగిలినవాటిని అడిగి లాభం లేదు.

ఈ అడగడమే తెలుగులో ముస్లింవాద సాహిత్యం మొదలుపెట్టిన పని. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు తెలుగు పాఠకుడు ఉలిక్కిపడ్డాడు. అంతవరకు అతను మన దగ్గర నుంచి మెత్తని మాటలే విన్నాడు. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం, 2005లో షాజహానా 'నఖాబ్' వచ్చాయి. మన పక్క జిల్లా వేంపల్లె నుంచి షరీఫ్ 'జుమ్మా' కథలు వచ్చాయి. వాటికి 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. శుక్రవారం మసీదుకు వెళ్ళమని కొడుకును పోరే తల్లి, 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తర్వాత వెళ్ళవద్దంటుంది. ఎంత చిన్న కథ అది! ప్రార్థన చేయమని చెప్పిన నోటితోనే వద్దని చెప్పవలసి రావడంలో ఒక జాతి బతుకంతా ఉంది. అందులో ఉపన్యాసం లేదు, నినాదం లేదు, ఇంటి భాష ఉంది. చిత్తూరు జిల్లా మట్టి గురించి మధురాంతకం రాజారాం, కేశవరెడ్డి వంటి గొప్పవాళ్ళు రాశారు. కరువు రాశారు, కులం రాశారు, ఆకలి రాశారు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె ముస్లిం గడపల లోపలి సంగతి మాత్రం ఇంకా మనవాళ్ళు రాయవలసే ఉంది. ఎవరో రాయలేదని నిందించడం మా ఉద్దేశం కాదు. అది మన పని.

మళ్ళీ నాంచారమ్మ దగ్గరకు వద్దాం. కొన్నేళ్ళ క్రితం ఉగాది రోజున మేము దేవుని కడప వెళ్ళాము. తిరుమలకు అది గడప అని పేరు. బీబీ నాంచారి తమ ఆడపడుచని ఆ రోజున ముస్లింలు ఆ గుడికి రావడం ఏనాటి నుంచో ఉన్న ఆచారం. పత్రికల్లో ఏటా దాని ఫోటో 'మతసామరస్యం' అన్న శీర్షికతో పడుతుంది. వరుసలో మా ముందు ఒక ముసలమ్మ నిలబడి ఉంది. బురఖా లేదు, చీరకొంగు తల మీద ఉంది, చేతిలో టెంకాయ, చక్కెర పొట్లం. "అమ్మా, దేవునికి మొక్కుకోవడానికి వచ్చినారా?" అని అడిగాము. ఆమె మమ్మల్ని తెలివి తక్కువవాళ్ళను చూసినట్టు చూసింది. "మొక్కేదానికి కాదు నాయనా. పండగపూట ఆడబిడ్డ ఇంటికి పుట్టింటోళ్ళు రాకపోతే ఎట్లా? ఎట్లుండాదో చూసి పోవల్ల గదా!"

ఆ వాక్యం విన్న తర్వాత ఆ కథ మాకు తలకిందులుగా కనిపించింది. ఇంటి యజమాని దృష్టిలో నాంచారమ్మ అంటే 'మీ పిల్లను మేము దయతో చేసుకున్నాము, మీ పట్ల మా బాధ్యత తీరింది' అని అర్థం. ముసలమ్మ దృష్టిలో 'మేము వియ్యంకులం' అని అర్థం. పుట్టింటివారంటే ఎవరు? సారె తెచ్చేవారు మాత్రమే కాదు. మా బిడ్డను ఎట్లా చూసుకుంటున్నారని నట్టింట్లో కూర్చొని అడగగలిగినవారు. తెలుగు ఇళ్ళలో ఆ అడిగే అధికారాన్ని ఎవరూ కాదనరు. అత్తింటివారు కాళ్ళకు నీళ్ళిచ్చి మరీ జవాబు చెబుతారు. ఆ ముసలమ్మ చదువుకోలేదు. 'పుట్టుమచ్చ' చదివి ఉండదు. ఇచ్చేదాని కథలో నుంచి అడిగేవారి కథను ఆమె తనంతట తానే తీసుకుంది.

ఇక్కడ కొందరు పెద్దలు మమ్మల్ని అడుగుతారు: ఇది షిర్క్ కాదా? మేము ఆలిములం కాము, ఆ ముసలమ్మ మీద తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. అల్లాహ్ తప్ప ఆరాధనకు అర్హుడు లేడన్న మాటలో మాకు రాజీ లేదు. కాని కథను చదవడం సజ్దా చేయడం కాదు. మన చుట్టూ ఉన్నవారు మన గురించి చెప్పుకునే కథ ఏమిటో మనకు తెలియకపోతే, ఆ కథ పేరుతో తలుపు మూసినప్పుడు మనకు జవాబు తోచదు. ఆ రోజు మజ్జిగ గ్లాసు చేత పట్టుకొని మాకు తోచలేదు కూడా.

ఇదే చూపును మన ఇంటి లోపలికి కూడా తిప్పాలి. సుల్తాను కూతురికి పేరు లేదని ఇందాక అన్నాము. మన పెళ్ళి పత్రికలు తీసి చూడండి. కొన్నింటిలో ఈనాటికీ వరుడి పేరు బంగారు అక్షరాలలో ఉంటుంది, వధువు మాత్రం 'ఫలానా సాహెబు గారి కుమార్తె'. ఆరు వందల ఏళ్ళ కిందటి కథకులు చేసిన పనే ప్రింటింగ్ ప్రెస్సులో మనమూ చేస్తున్నాము. అలాగే దూదేకులవారిని చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడతారన్న కారణంతో వారిని తక్కువ చేసిన ఉర్దూ ఇళ్ళు ఈ జిల్లాలో ఎన్ని లేవు? పిల్లనిచ్చి పుచ్చుకోవడం దగ్గర ఎన్ని సాకులు చెప్పలేదు? వాటిలో 'కింది పోర్షన్ వాళ్ళు ఒప్పుకోరు' అన్న సాకు కూడా ఉంది. మాటలే కొంచెం వేరు.

చివరగా హక్కుల సంగతి. 2024 నవంబరులో తిరుమల తిరుపతి దేవస్థానముల పాలకమండలి అన్యమత ఉద్యోగుల విషయంలో చేసిన తీర్మానం తర్వాత చాలామంది మమ్మల్ని అభిప్రాయం అడిగారు. మత సంస్థల పదవులకు ఆ మతస్థులే ఉండాలని చట్టం చేయడానికి రాజ్యాంగం 16(5) అధికరణం అవకాశమిచ్చింది. వక్ఫ్ విషయంలో మనం కోరేదీ అటువంటిదే. కాబట్టి ఆ వాదనలో న్యాయమెంత, ఉద్యోగం చేస్తున్న మనిషి బతుకుకు రక్షణ ఎంత అన్నది కోర్టులు తేల్చవలసినది. అయితే గుడి వేరు, ఊరు వేరు. ఊరిలో బండి పెట్టుకొని పండ్లు అమ్ముకునే హక్కు 19వ అధికరణం ఇచ్చింది. దుకాణానికి, హోటలుకు, బావికి వెళ్ళనివ్వకుండా మతం పేరుతో ఆపరాదని 15వ అధికరణం చెప్పింది. ఆ జాబితాలో అద్దె ఇల్లు మాత్రం లేదు. అందుకే అక్కడ ప్రతి తిరస్కారమూ మజ్జిగతో, చిరునవ్వుతో, సాక్ష్యం లేకుండా జరిగిపోతుంది.

ఆ సాక్ష్యాన్ని మనమే తయారు చేయాలని మా కోరిక. మీకు ఇల్లు కాదన్నప్పుడు ఏ మాటలతో కాదన్నారో, ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టుగా, తేదీ వేసి, ఏ ఊరో చెప్పి రాసిపెట్టండి. యజమాని పేరు రాయకండి, మనకు అతనితో తగవు లేదు. ఇల్లాలు రాస్తే ఇంకా మంచిది. తలుపు దగ్గర ఎక్కువ మాటలు వినేది ఆమే. దక్కనీలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. వంద కాగితాలు పోగైతే అది కథల పుస్తకమూ అవుతుంది, కమిషన్ ముందు పెట్టే అర్జీ కూడా అవుతుంది. మొదటి కాగితం మా మిత్రుడిదే, ఇక్కడ నా చేతిలో ఉంది. అతనికి ఊరి బయట ఇల్లు దొరికింది. రోజూ రెండు బస్సులు మారి బడికి వస్తున్నాడు. మొన్న ఈ సభ పని మీద ఆ వీధిలో వెళ్తుంటే, ఆ గేటుకు టు లెట్ బోర్డు ఇంకా వేలాడుతోంది.